పార్ట్రిడ్జ్ పీ: మొలవక ఒక బాధ, మొలిచాక ఇంకో బాధ

#1 మణి_డాలస్
అందరికీ నమస్కారం. డాలస్‌కి ఉత్తరాన, నల్ల బంకమట్టి. పెరట్లో లాన్ తీసేసిన 100 చదరపు అడుగుల ముక్క ఉంది, ఎండ రోజుకి 7 గంటలు. లిటిల్ బ్లూస్టెమ్, సైడోట్స్ గ్రామా గడ్డి వేసి మధ్యలో బ్లాక్ ఐడ్ సూసన్, పార్ట్రిడ్జ్ పీ (చామేక్రిస్టా ఫాసిక్యులేటా, చిక్కుడు జాతి పసుపు పూల మొక్క) కలపాలని ఆలోచన. పార్ట్రిడ్జ్ పీ విత్తనం ఒక ఔన్సు చేతిలో ఉంది. తడి టిష్యూలో పెట్టి చూస్తే రెండు మూడు మొలిచాయి, మిగతావి ఉబ్బను కూడా లేదు. విత్తనం పాతదా? లేక ఏమైనా చేసి వేయాలా? ఎంత లోతు, ఎప్పుడు, ఎంత? మొత్తం ఔన్సూ చల్లేయొచ్చా?

#2 విత్తుల_బాబాయ్ (మిస్సోరి)
ముందు చివరి ప్రశ్నకి జవాబు: వద్దు! ఆ సంగతి కింద ఎవరో ఒకరు చెప్తారు, నేను మొలక గురించి రాస్తా.

విత్తనం పాతది కాదు. చిక్కుడు జాతి మొక్కల్లో చాలావాటికి ఉన్న గట్టి పెంకే ఇక్కడా సమస్య. నీళ్లు లోపలికి పోవు, అందుకే ఉబ్బలేదు. మెత్తబడి కుళ్లితే చచ్చిన గింజ. గట్టిగా అలాగే ఉంటే బతికే ఉంది, పెంకు తెరుచుకోలేదు, అంతే.

సాండ్‌పేపర్ 120 లేదా 150 నంబరుది తీసుకోండి. ఒక ముక్క బల్ల మీద గరుకు వైపు పైకి పెట్టి, దాని మీద గింజలు ఒక్క వరుస మందాన పరిచి, ఇంకో ముక్కని చెక్కకి చుట్టి పైనుంచి రుద్దండి. 20 నుంచి 30 సెకన్లు చాలు. పార్ట్రిడ్జ్ పీ గింజ చదునుగా, నల్లగా, నున్నగా మెరుస్తుంది. దగ్గరగా చూస్తే పక్కల మీద సన్నటి గుంటలు వరసల్లో కనిపిస్తాయి. మెరుపు పోయి గీతలు పడ్డాయంటే పని అయిపోయినట్టే. లోపలి లేత పసుపు పప్పు బయటపడిందంటే ఎక్కువ రుద్దారు. ఆ గింజ మొలిచినా బీజదళం విరిగి వస్తుంది, లేదా బూజు పడుతుంది.

తర్వాత రాత్రంతా మామూలు నీళ్లలో నానబెట్టండి. పొద్దున్నకి రెట్టింపు ఉబ్బినవి వేరు చేసి ఆ రోజే వేయాలి. ఉబ్బనివి ఆరబెట్టి మళ్లీ రుద్దాలి. ఉబ్బినవాటిని ఇంకో రోజు నీళ్లలోనే ఉంచితే ఊపిరాడక పాడవుతాయి.

వేడినీళ్ల పద్ధతి కూడా ఉంది: పొయ్యి మీంచి దించి కాస్త చల్లారిన నీళ్లు, సుమారు 80 డిగ్రీల సెల్సియస్, గింజల మీద పోసి తెల్లారేదాకా వదిలేయడం. పని చేస్తుంది గానీ సమంగా రాదు. గింజల్ని పొయ్యి మీద మరిగించడం మాత్రం వద్దు, పప్పు ఉడికిపోతుంది. యాసిడ్ పద్ధతి నర్సరీ వాళ్లకి వదిలేయండి.

లోతు పావు అంగుళం నుంచి అర అంగుళం. డాలస్‌లో మార్చి చివరి నుంచి ఏప్రిల్ మధ్య వరకు వేయొచ్చు. మా వైపు ఏప్రిల్ మధ్య నుంచి మే.

#3 కాన్సస్_గాలి
బాబాయ్ గారూ, ఇంత సాండ్‌పేపర్ తతంగం కుండీల్లో వేసేవాళ్లకి. నేలలో వేసేదానికి నవంబర్, డిసెంబర్‌లో అలాగే చల్లేసి కాలితో తొక్కేస్తే చాలు. చలికి నేల గడ్డకట్టడం, కరగడం, తడవడం, ఆరడం, ఇవన్నీ కలిసి వసంతానికి పెంకుని వాటంతటవే మెత్తబరుస్తాయి. రుద్దిన గింజని శీతాకాలంలో వేయడం అసలు తప్పు. డిసెంబర్‌లో రెండు వెచ్చటి రోజులొస్తే మొలిచేసి, జనవరి మంచుకి మాడిపోతుంది. టెక్సస్‌లో ఆ ప్రమాదం మరీ ఎక్కువ.

అంటే లెక్క ఇంతే: రుద్దితే వసంతంలో వేయాలి, రుద్దకపోతే శీతాకాలం మొదట్లో వేయాలి. రెండూ కలపకూడదు.

#4 విత్తుల_బాబాయ్ (మిస్సోరి)
ఒప్పుకుంటా, ఒక్క తేడాతో. శీతాకాలంలో వేసిన గింజలన్నీ మొదటి ఏడే లేవవు. కొన్ని నేలలో ఆగి తర్వాతి ఏళ్లలో లేస్తాయి. పెద్ద పొలానికి అది మంచిదే, కరువొచ్చి ఒక ఏడు మొక్కలన్నీ పోయినా నేలలో నిల్వ ఉంటుంది. 100 చదరపు అడుగుల ముక్కలో మాత్రం ఎక్కడ ఎన్ని మొలుస్తాయో మన చేతిలో ఉండాలంటే రుద్ది వేయడమే మేలు. పైగా శీతాకాలం అంతా గింజ పైన పడుంటే పిట్టలు, ఎలుకలు ఊరుకోవు.

#5 మణి_డాలస్
ధన్యవాదాలు. ఇంకో అనుమానం. విత్తన ప్యాకెట్ మీద "బ్యాక్టీరియా కల్చర్ పట్టించాలి" అని రాసుంది. తోట సామాన్ల కొట్లో బఠానీలకి పట్టించే కల్చర్ దొరికింది. అది పనికొస్తుందా?

#6 బాటనీ_మాస్టారు (హనుమకొండ)
బఠానీ కల్చర్ పనికిరాదు. బఠానీకి వేరే రైజోబియం (వేళ్ల బుడిపెల్లో ఉండి గాలిలోని నత్రజనిని మొక్కకి అందించే బ్యాక్టీరియా). మీకు కావలసింది అలసంద గుంపుకి చెందిన బ్రాడీరైజోబియం. మనవైపు అలసంద, పెసర, మినుము, వేరుశనగ, కంది అన్నీ ఈ గుంపువే. అమెరికాలో "కౌపీ" రకం అని అడిగితే ఇస్తారు. ప్యాకెట్ మీద ఏ పంటలకో జాబితా ఉంటుంది, అందులో అలసంద లేకపోతే కొనకండి.

ఇక్కడ ఒక తమాషా ఉంది. పార్ట్రిడ్జ్ పీ మన తంగేడుకి దగ్గరి చుట్టం. ఒకప్పుడు రెండూ కేసియా అనే ఒకే ప్రజాతిలో ఉండేవి, రేల చెట్టుతో సహా. 1982లో ఇర్విన్, బార్నబీ ఆ పెద్ద ప్రజాతిని మూడుగా చీల్చారు. రేల కేసియాలోనే ఉండిపోయింది, తంగేడు సెన్నాలోకి పోయింది, పార్ట్రిడ్జ్ పీ చామేక్రిస్టాలో చేరింది. ఈ మూడింట్లో వేరు బుడిపెలు వచ్చేది చామేక్రిస్టాకే. తంగేడు వేళ్లు ఎంత తవ్వి చూసినా బుడిపెలు కనపడవు. కాబట్టి "తంగేడుకి అక్కర్లేదు కదా, దీనికెందుకు" అనుకోవద్దు.

#7 పెసర_చేను (అయోవా)
పట్టించే పద్ధతి మన ఊళ్లలో వేరుశనగకి చేసేదే. 10 చెంచాల నీళ్లలో ఒక చెంచా బెల్లమో చక్కెరో కరిగించి, చల్లారాక, నానిన గింజలు కొద్దిగా తడిసేంతే కలపాలి. పైన చిటికెడు కల్చర్ వేసి కలిపి, నీడలో పావుగంట ఆరనిచ్చి, వెంటనే నాటాలి. నాలుగు గ్రాముల గింజలకి చిటికెడు ఎక్కువే.

చెడగొట్టేవి ఇవి: ఎండ (కల్చర్ బతికున్న సూక్ష్మజీవి, నేరుగా ఎండ తగిలితే చస్తుంది), క్లోరిన్ ఎక్కువున్న కుళాయి నీళ్లు (బకెట్‌లో పట్టి ఒక రాత్రి ఉంచినవి వాడండి), శిలీంద్రనాశని పట్టించిన విత్తనం, గడువు దాటిన ప్యాకెట్. తెరిచిన ప్యాకెట్ ఫ్రిజ్‌లో పెట్టండి, ఫ్రీజర్‌లో కాదు.

పట్టిందో లేదో ఎలా తెలుస్తుంది అంటే, మొలిచిన నాలుగైదు వారాలకి పక్కన ఎటూ పీకేయాల్సిన మొక్క ఒకటి ఉంటుంది, దాన్ని పారతో మట్టి గడ్డతో సహా తీసి నీళ్లలో కడగండి. లాగితే బుడిపెలు మట్టిలోనే తెగి ఉండిపోతాయి. ఒక బుడిపెని గోటితో చీల్చి చూడండి. లోపల గులాబీ, ఎరుపు ఉంటే నత్రజని తయారవుతోంది. తెల్లగా ఉంటే ఇంకా మొదలవలేదు, లేదా పనికిరాని రకం పట్టింది. ఆకుపచ్చగా ఉంటే దాని పని అయిపోయింది.

ఒకటి గుర్తుంచుకోండి. యూరియా గానీ లాన్ ఎరువు గానీ వేసిన నేలలో బుడిపెలు సరిగ్గా కట్టవు. మొక్కకి బయటే నత్రజని దొరికితే బ్యాక్టీరియాని పోషించదు.

#8 కాన్సస్_గాలి
కల్చర్ లేకపోతే కొంపేమీ మునగదు. ఎప్పటినుంచో చిక్కుడు జాతి మొక్కలున్న ప్రెయిరీ (సహజమైన గడ్డి మైదానం) నేలల్లో ఆ బ్యాక్టీరియా ముందే ఉంటుంది. కొత్త ఇళ్ల స్థలాల్లో పైమట్టి గీకేసి లాన్ పరిచిన నేల వేరు సంగతి, అక్కడ పట్టించడం మంచిదే. మణి గారిది ఆ రకమే అనిపిస్తోంది.

బంకమట్టి గురించి ఒక మాట. ఇది ఇసుక, గులక, రోడ్డు గట్టు నేలల మొక్క. తడి నిలవని బంకమట్టిలోనూ వస్తుంది. నీళ్లు నిలిస్తే చిన్నప్పుడే కాడ మొదలు కుళ్లుతుంది. 3, 4 అంగుళాల ఎత్తు గట్టు చేసి వేయండి. బంకమట్టిలో ఇసుక కలపొద్దు, ఎండాక సిమెంటు అవుతుంది. కంపోస్టూ వద్దు. బలమైన మట్టిలో ఒకటి రెండు అడుగుల్లో ఆగాల్సిన మొక్క మూడడుగులు ఏపుగా పెరిగి, మొదటి గాలివానకి పక్కకి ఒరిగిపోతుంది.

#9 రాణి_సెయింట్‌లూయిస్
"ఔన్సు మొత్తం చల్లేయొచ్చా" అన్న ప్రశ్న దగ్గరికి వస్తాను, అసలు ప్రమాదం అక్కడే ఉంది.

ఔన్సులో సుమారు 2,700 నుంచి 4,000 గింజలుంటాయి, గింజ సైజుని బట్టి. గడ్డి, ఇతర పూల మొక్కలతో కలిపి వేసేటప్పుడు ఎకరానికి పావు నుంచి అర పౌండు దాటకూడదు. అర పౌండు లెక్కన మీ చేతిలోని ఔన్సు ఎకరంలో ఎనిమిదో వంతుకి, అంటే దాదాపు 5,400 చదరపు అడుగులకి సరిపోయే సరుకు! 100 చదరపు అడుగులకి అర గ్రాము, 50 నుంచి 60 గింజలు. అంతే. ఒట్టి పార్ట్రిడ్జ్ పీ మడి కావాలనుకుంటే చదరపు అడుగుకి మూడు గింజల చొప్పున రెండు మూడు గ్రాములు.

ఎక్కువైతే ఏమవుతుంది? మొదటి ఏడు అద్భుతంగా ఉంటుంది, ముక్కంతా పసుపు. కానీ బ్లూస్టెమ్, సూసన్ లాంటివి ఆ ఏడంతా కింద వేళ్లు పెంచుకునే పనిలో ఉంటాయి, నేలమీద రెండు మూడు ఆకులే. జూలైకి పార్ట్రిడ్జ్ పీ పైన కప్పేస్తే వాటికి ఎండ అందదు. రాలిన గింజలతో రెండో ఏడు ఇంకా ఒత్తుగా వస్తుంది. మూడో ఏడుకి ప్రెయిరీ పోయి పార్ట్రిడ్జ్ పీ చేను మిగులుతుంది.

మొక్కలు రెండు నాలుగు ఆకుల దశలో ఉన్నప్పుడే మూడు నాలుగు చదరపు అడుగులకి ఒకటి ఉంచి మిగతావి పీకేయండి. ఆ తర్వాత లోతుగా తల్లివేరు దిగుతుంది, పీకితే పక్క గడ్డి మొలకలూ లేచొస్తాయి. అప్పుడు పీకకుండా నేల మట్టానికి కత్తిరించాలి. మొక్క అడుగు ఎత్తు వచ్చాక 6 నుంచి 8 అంగుళాల మీద ఒకసారి కోసినా పర్లేదు, పక్క కొమ్మలేసి పొట్టిగా పూస్తుంది, కిందవాటికి వెలుతురు అందుతుంది.

భయపడి అసలు వేయకుండా ఉండొద్దు. గట్టు కోసుకుపోకుండా పట్టి ఉంచేదీ, మొదటి వేసవే పూలిచ్చేదీ ఇదే. మూడు నాలుగేళ్లకి గడ్డి దుబ్బులు కలిసిపోయి ఖాళీ మట్టి లేకపోతే దానంతటదే తగ్గుతుంది. ఏకవార్షికం కదా, ప్రతి ఏడూ మళ్లీ మొలవడానికి బయటపడ్డ మట్టి కావాలి. నిప్పు పెట్టిన చోట, చలికాలంలో నేల పైపైన డిస్క్ (పళ్లేల నాగలి) కొట్టిన చోట మళ్లీ లేస్తుంది. బాబ్‌వైట్ పిట్టల కోసం నేల చూసుకునేవాళ్లు డిసెంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య పట్టీలు పట్టీలుగా డిస్క్ కొట్టేది అందుకే. పేరులోని పార్ట్రిడ్జ్ కూడా ఆ కౌజు జాతి పిట్టే, చలికాలమంతా ఈ గింజలు ఏరుకు తింటుంది.

#10 ఆస్టిన్_సుబ్బు
అన్నా, అక్కా, మధ్యలో దూరుతున్నా. మా ట్రెయిల్ పక్కన, ఓక్ చెట్ల ఎడంలో ఇలాంటిదే ఒకటుంది. ఆకు అచ్చం ఇదే. పువ్వు మాత్రం చిన్న గోరంత, ఉందో లేదో అన్నట్టుంది. ఇదేనా? ఇంకోటి, ఆకు కాడల దగ్గర చీమలు తిరుగుతున్నాయి, పేనుబంకా?

#11 బాటనీ_మాస్టారు (హనుమకొండ)
సుబ్బూ, అది చామేక్రిస్టా నిక్టిటాన్స్ కావచ్చు. దీని చెల్లెలు. కేసరాలు లెక్కపెట్టు: ఫాసిక్యులేటాకి 10, నిక్టిటాన్స్‌కి 5. పువ్వు కొలత కూడా పట్టిస్తుంది. ఫాసిక్యులేటా పువ్వు అంగుళం, అంగుళంన్నర ఉంటుంది. పసుపు రేకుల మొదట్లో ఎర్ర చుక్క కనిపిస్తుంది. ఆకుతో రెండింటినీ విడదీయాలని చూడకు, మోసపోతావు. నిద్ర కూడా రెండింటికీ ఉంది, రాత్రయితే పత్రకాలు జతలు జతలుగా ముడుచుకుంటాయి.

పోలికతో మోసం చేసేవి ఇంకా ఉన్నాయి. ఇల్లినాయిస్ బండిల్‌ఫ్లవర్ ఆకు రెండుసార్లు చీలుతుంది, పార్ట్రిడ్జ్ పీ ఆకు ఒక్కసారే, ఇరువైపులా 8 నుంచి 15 జతల పత్రకాలు. సికిల్‌పాడ్ అనే కలుపు సెన్నాకి రెండు మూడు జతలే, వెడల్పు పత్రకాలు. దాన్ని చూస్తే పీకెయ్.

#12 తుమ్మెద_రాగం (ఒమాహా)
చీమల సంగతి నేను చెప్తా. మందు కొట్టకు సుబ్బూ. ఆకు కాడ మీద, కింది పత్రకాల జతకి కొంచెం దిగువన, చిన్న గిన్నె ఆకారంలో గ్రంథి ఉంటుంది. భూతద్దంలో చూస్తే అందులో తేనె బొట్టు మెరుస్తుంది. చీమలు వచ్చేది దానికే. బదులుగా ఆకు తినే పురుగుల గుడ్లనీ లార్వాలనీ అవి ఎత్తుకుపోతాయి. లేత కొన మెలి తిరిగి జిగటగా ఉంటేనే పేనుబంక అనుకో.

పువ్వులో మాత్రం తేనె లేదు, పుప్పొడే. ఆ పుప్పొడి తిత్తులు పక్కన చీలవు. కొనకి చిల్లులుంటాయి, చిల్లుల మూత ఉన్న ఉప్పు డబ్బాలాగా. బంబుల్‌బీ గానీ గండుతుమ్మెద గానీ తిత్తుల్ని కాళ్లతో పట్టుకుని, రెక్కలు కదలకుండా రొమ్ము కండరాల్ని మాత్రం అదురుస్తుంది. జుమ్మని శబ్దం వస్తుంది, పుప్పొడి చిల్లుల్లోంచి దాని పొట్ట మీద రాలుతుంది. పెంపుడు తేనెటీగకి ఈ విద్య రాదు, అది ఆకు కాడ తేనె తాగి పోతుంది. "మా తేనెటీగలకి పుప్పొడి మొక్క" అని దీన్ని వేసేవాళ్లకి నిరాశే.

ఇంకో చిత్రం: కీలం (పువ్వు మధ్యలో అండాశయం మీది సన్నటి కాడ) ఒక పువ్వులో ఎడమకి వంగి ఉంటుంది, ఇంకో పువ్వులో కుడికి. ఒకే మొక్క మీద రెండూ ఉంటాయి.

సీతాకోక చిలుకలకి ఇది మేత మొక్క. లిటిల్ యెల్లో, క్లౌడ్‌లెస్ సల్ఫర్ గుడ్లు పెడతాయి. సల్ఫర్ లార్వా ఆకు తింటే ఆకుపచ్చగా, పువ్వు తింటే పసుపుగా ఉంటుంది. ఆకులు చిల్లులు పడితే కంగారుపడకండి, మొక్కని వేసిందే అందుకు. మన ఊళ్లలో తంగేడు, రేల మీద తిరిగే లేత పసుపు కాటోప్సిలియా సీతాకోకలు ఈ సల్ఫర్ బంధువులే.

#13 ప్లేనో_బతుకమ్మ_బృందం
తంగేడు చుట్టం అన్నారు కదా మాస్టారూ, సెప్టెంబర్‌లో పూస్తుంది కదా, బతుకమ్మలో పేర్చుకోవచ్చా? ఇక్కడ తంగేడు దొరకదు.

#14 బాటనీ_మాస్టారు (హనుమకొండ)
రంగు కుదురుతుంది తల్లీ, మిగతాది కుదరదు. తంగేడు గుత్తిగా పూస్తుంది, కొమ్మ విరిచి పేరిస్తే నిలబడుతుంది. పార్ట్రిడ్జ్ పీ పువ్వు ఆకు మొదట్లో ఒకటీ అరా వస్తుంది, పొద్దున విచ్చి సాయంత్రానికి వాడుతుంది. కోసిన అరగంటకే రేకులు వేలాడతాయి. బంతిపూలే నయం.

#15 విత్తుల_బాబాయ్ (మిస్సోరి)
విత్తనం కట్టే సంగతి ఎవరూ ఎత్తలేదు. కాయ అంగుళంన్నర నుంచి రెండున్నర అంగుళాలు, చదును. ఎండాక రెండు పెంకులూ మెలితిరిగి ఒక్కసారిగా విడిపోతాయి, గింజలు అడుగుల దూరం ఎగిరిపోతాయి. మధ్యాహ్నం ఎండలో చేను పక్కన నిలబడితే టప్ టప్ అని వినిపిస్తుంది. అన్నీ ఎండేదాకా ఆగితే సగం పోతాయి. కింది కాయల్లో మూడో వంతు గోధుమ రంగు తిరగ్గానే, మంచు తడి ఉన్న పొద్దున్నే కొమ్మలు కోసి కాగితం సంచిలో తలకిందులుగా పెట్టి మూతి కట్టండి. తెరిచిన పళ్లెంలో ఆరబెడితే గదంతా గింజలే. ప్లాస్టిక్ సంచి వద్దు, చెమ్మ పట్టి బూజొస్తుంది. వారం పది రోజులకి దులిపి, చేటతో చెరిగితే శుభ్రం. గింజలకి గుండ్రటి చిల్లులుంటే పుచ్చు పురుగు. బాగా ఆరిన గింజల్ని రెండు వారాలు ఫ్రీజర్‌లో పెట్టి తీస్తే లోపలి పురుగు చస్తుంది. ఆరని గింజని ఫ్రీజర్‌లో పెడితే గింజే చస్తుంది.

#16 పెసర_చేను (అయోవా)
పశువులున్నవాళ్లకి ఒక హెచ్చరిక. ఆకు, గింజ రెండూ భేది పుట్టిస్తాయి, సునాముఖి జాతి కదా. గొడ్లు అక్కడక్కడ కొరికితే ఏం కాదు. వేరే మేత లేక ఇదే కడుపునిండా తింటే పారుకుంటాయి, నీరసిస్తాయి. ఎండుగడ్డిలో కలిసినా ఆ గుణం పోదు. జింకలు, కుందేళ్లు మాత్రం మొలకల్ని వదలవు. మొదటి నెల చుట్టూ రెండడుగుల వల కట్టండి.

#17 కాన్సస్_గాలి
మణి గారూ, విత్తనం ఎక్కడిదో ప్యాకెట్ మీద చూశారా? పేరు ఒకటే అయినా మిన్నెసోటా విత్తనం, టెక్సస్ విత్తనం ఒకేలా ప్రవర్తించవు. ఎటర్సన్, షా అనే పరిశోధకులు సరిగ్గా ఈ మొక్కనే తీసుకుని మిన్నెసోటా, కాన్సస్, ఓక్లహోమా విత్తనాల్ని మూడు చోట్లా మార్చి మార్చి పెంచి 2001లో సైన్స్ పత్రికలో రాశారు. ఉత్తరాది మొక్కల్ని దక్షిణానికి తెస్తే కాపు బాగా తగ్గింది. మీకు టెక్సస్ లేదా ఓక్లహోమా మూలం ఉన్నది కావాలి. ఉత్తరాదిదైతే జూన్‌లోనే పూసి, వేడి ముదిరేసరికి పని ముగించేస్తుంది.

#18 మణి_డాలస్
చూశాను, "మూలం: ఓక్లహోమా" అని ఉంది. అర గ్రాము తీసి ఏప్రిల్ మొదటి వారంలో రుద్ది, కౌపీ కల్చర్ పట్టించి గట్టు మీద వేస్తాను. మిగిలిన విత్తనం హైదరాబాద్‌లో మా అక్కకి పంపొచ్చా? ఆవిడకీ తోట పిచ్చి.

#19 బాటనీ_మాస్టారు (హనుమకొండ)
పంపొద్దు బాబూ. భారత్‌కి విత్తనం రావాలంటే 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి పర్మిట్, అక్కడి ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (పురుగులూ తెగుళ్లూ లేవన్న ధ్రువపత్రం) రెండూ కావాలి. కవర్లో పెట్టి పోస్టు చేసేది కాదు. గింజల్ని అడుగుల దూరం ఎగరేసే కాయ, ఏళ్ల తరబడి నేలలో ఆగే గింజ, నత్రజని తానే చేసుకునే వేరు... ఇలాంటిదాన్ని దాని పురుగులూ తెగుళ్లూ లేని చోట వదలడం తెలివైన పని కాదు. అక్కగారికి తంగేడు గింజలు నాటమను. వాటినీ ముందు ఇలాగే రుద్ది నానబెట్టాలి, కల్చర్ ఒక్కటే అక్కర్లేదు.

#20 రాణి_సెయింట్‌లూయిస్
మిగిలినదాన్ని కాగితం కవర్లో వేసి, సంవత్సరం రాసి, గాలి చొరని సీసాలో ఫ్రిజ్‌లో పెట్టండి. ఏళ్ల తరబడి ఉంటుంది. రుద్దినవి మాత్రం నిల్వ పెట్టొద్దు.